సమ్మర్ క్యాంపు లేకుండా సెలవులు గడపడం ఎలా? మూడో తరగతి పాపకి, ఆరో తరగతి బాబుకి మూడు పనులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. మీరూ మీవారూ ఉద్యోగాలకు వెళతారు. మూడో తరగతి పాప, ఆరో తరగతి బాబు. పగలంతా వాళ్ళ దగ్గర ఉండేది మీ అత్తగారు. మీ అమ్మగారు వాళ్ళు తిరుపతిలో ఉంటారు. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. పిల్లలు ఫోను వదలడం లేదు, ఇద్దరినీ సమ్మర్ క్యాంపులో చేర్చాలంటే ఫీజులు భారం. ఇంట్లోనే సరదాగా ఉంటూ చదువుకీ పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా అని.

ఉన్నాయి. క్యాంపు అవసరం లేదు. రోజుకో కొత్త యాక్టివిటీ కోసం వెతక్కండి. సెలవులు మొత్తానికి రెండు మూడు పనులు పట్టుకోండి. అవి కొద్దికొద్దిగా రోజులపాటు సాగేవి అయ్యుండాలి, వాటి లెక్కంతా పిల్లలే ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మీ ఇంటి పరిస్థితికి నేనైతే ఈ మూడూ చెబుతాను: మధ్యాహ్నం నీడ కొలవడం, అష్టాచమ్మా పందేల లెక్క, మీ అత్తగారి మాగాయ.

నేను విజయవాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు, లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సెలవులకు ముందు పిల్లలకు ఇలాంటి పనులు ఇచ్చి పంపడం, జూన్‌లో వాళ్ళు తెచ్చిన పుస్తకాలు చూడటం నాకు చాలా ఏళ్ళ అలవాటు. గంటలో అయిపోయే క్రాఫ్టు పనులు ఎందుకు నిలవవో అందులోనే తెలిసింది. అది అయిపోగానే "ఇప్పుడేం చెయ్యను?" అని పిల్లలు మళ్ళీ మన దగ్గరికే వస్తారు. అదే నిన్నటి అంకె పక్కన ఇవాళ్టి అంకె రాసే పనైతే, రేపు ఎంత వస్తుందో చూడాలన్న ఆత్రం వాళ్ళలోనే పుడుతుంది. అది పుట్టిందంటే మీరు ఆఫీసులో ఉన్నా పని ఆగదు.

మొదటిది నీడ. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి ఆ నిమిషంలో నీడ పడదు. జీరో షాడో డే అని పేపర్లలో కూడా వేస్తారు. అయితే ఆ ఒక్కరోజూ డాబా ఎక్కి ఫోటో తీసుకుంటే పిల్లలకు మిగిలేది ఫోటోనే. దానికి ముందు రెండు వారాలు, తర్వాత నాలుగు వారాలు కొలిస్తేనే అసలు సంగతి కనబడుతుంది.

ఒక పాత పీట మధ్యలో మీటరు పొడవున్న తిన్నటి కర్రని కింద నుంచి స్క్రూతో బిగించండి. దారానికి ఒక బరువు కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. పీట మీద తెల్ల చార్టు పరిచి, దిక్సూచితో ఉత్తరం గుర్తు పెట్టండి. 12:05 నుంచి 12:20 దాకా అయిదేసి నిమిషాలకు నీడ చివర చుక్క పెట్టాలి. అన్నిటికంటే పొట్టి నీడని కొలిచి తేదీతో సహా పుస్తకంలో రాయాలి. వారానికి రెండుసార్లు చాలు.

ఏప్రిల్ ఆఖరి వారం మొదట్లో హైదరాబాద్‌లో ఆ పొట్టి నీడ ఉత్తరం వైపు ఎనిమిది సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కొలిచిన ప్రతిసారీ తగ్గుతూ మే 9కి పోతుంది. ఆ తర్వాత మళ్ళీ మొదలవుతుంది, ఈసారి దక్షిణం వైపు. జూన్ మొదటి వారానికి అటువైపు తొమ్మిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మా బళ్ళో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నీడ దక్షిణానికి పడేసరికి తానే పీటని తిరగేసి పెట్టానేమో అనుకుంది. దిక్సూచి చూసి సరిచేసి, మర్నాడు మళ్ళీ కొలిచింది. మళ్ళీ దక్షిణమే. జూన్‌లో బడి తెరిచిన రోజు ఇంకా బ్యాగ్ కూడా దించకుండా నా దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న, "సూర్యుడు మన ఊరు దాటి పైకి వెళ్ళిపోయాడా మాస్టారూ?" అని. ఉత్తరాయణం పాఠంలో నేను బోర్డు మీద గీసిన బొమ్మ ఏ పిల్లవాడి చేతా ఆ ప్రశ్న అడిగించలేదు.

బాబు ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వేస్తాడు: నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది పన్నెండింటికి కదా, 12:12కి ఎందుకు? వెంటనే చెప్పెయ్యకండి. మ్యాప్ ముందు పెట్టండి. మన దేశంలో గడియారాలన్నీ కాకినాడ పక్కగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుబడి నడుస్తాయి. హైదరాబాద్ దానికి పడమరగా సుమారు నాలుగు డిగ్రీల దూరంలో ఉంది. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. కాకినాడలో మిట్టమధ్యాహ్నం అయిన పావుగంటకి గానీ హైదరాబాద్‌లో అవదు. నాలుగు నాలుగులు పదహారు కావాలి కదా, పన్నెండే ఎందుకొచ్చింది అని వాడు నిలదీస్తే సంతోషించండి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు, దాని ఇరుసు కూడా వంగి ఉంది. అందువల్ల ఎండ చూపే వేళకీ గడియారానికీ ఏడాదిలో కొన్ని నిమిషాలు తేడా వస్తూ ఉంటుంది. మే నెలలో మూడు నిమిషాల పైచిలుకు కలిసొస్తుంది.

అమ్మమ్మగారు తిరుపతిలో ఉన్నారన్నారు కాబట్టి మీకు ఇంకో అవకాశం ఉంది. మే 9న, హైదరాబాద్‌లో నీడ లేని ఆ రోజే, తిరుపతిలో ఇంకో మీటరు కర్రకి అన్నిటికంటే పొట్టి నీడ కొలవమనండి. దక్షిణం వైపు ఆరున్నర సెంటీమీటర్లు వస్తుంది. బాబు కాగితం మీద మీటరుని తగ్గించి త్రిభుజం గీసి కోణమానినితో కొలిస్తే నాలుగు డిగ్రీలకు కాస్త తక్కువ, సుమారు 3.7 వస్తుంది. ఈ కొలత సున్నితమైనది కాబట్టి బొమ్మ పెద్దగా గీయమనండి. తిరుపతి హైదరాబాద్‌కి తిన్నగా దక్షిణంలో లేదు కాబట్టి మ్యాప్ మీద ఉత్తర దక్షిణాల దూరం మాత్రమే తీసుకోవాలి, అది దాదాపు 415 కిలోమీటర్లు. 3.7 డిగ్రీలకు 415 అయితే 360కి ఎంత? నలభై వేల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. భూమి చుట్టుకొలత అదే. రెండు వేల రెండువందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో రెండు ఊళ్ళ నీడలతో చేసిన లెక్క ఇదే. అమ్మమ్మ కొలతతో, తన కొలతతో భూమంత లెక్క తేల్చిన పిల్లవాడికి త్రైరాశికం మళ్ళీ ఎవరూ నేర్పనక్కర్లేదు.

వేరే ఊళ్ళ వాళ్ళు చదువుతుంటే, ఒక రోజు అటూ ఇటూగా తేదీలు ఇవి: తిరుపతి ఏప్రిల్ 26, అనంతపురం ఏప్రిల్ 30, విజయవాడ మే 6, విశాఖపట్నం మే 10, శ్రీకాకుళం మే 13, ఆదిలాబాద్ మే 18.

ఎండ సంగతి మర్చిపోకండి. మే మధ్యాహ్నం డాబా మీద పావుగంట మించి వద్దు. టోపీ, చెప్పులు, వెళ్ళే ముందు గ్లాసుడు మజ్జిగ ఉండాలి. పెద్దవాళ్ళు ఒకరు తోడుండాలి, అత్తగారిని మెట్లెక్కించకుండా శని, ఆదివారాలు మీరే తీసుకెళ్ళండి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని పాపకి ప్రతిసారీ చెప్పండి. వడగాడ్పుల హెచ్చరిక ఉన్న రోజు మానెయ్యండి, పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలినా ఫర్వాలేదు.

రెండోది అష్టాచమ్మా. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లల్ని బయటికి పంపలేం. ఆ వేళకి ఇది. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద అరగదీస్తే తెల్లగా వస్తాయి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతి, నాయనమ్మ ఏది చెబితే అదే మీ ఇంటి రూలు. మా వైపు తెల్లవైపు ఎన్ని పైకి పడితే అన్ని గళ్ళు. నాలుగూ పడితే చమ్మా, ఒక్కటీ పడకపోతే అష్టా, అంటే ఎనిమిది.

మొదట నాలుగైదు రోజులు ఊరికే ఆడనివ్వండి. కాయలు చంపుకోవడాలు, పండించుకోవడాలు, తగువులు అన్నీ అవనివ్వండి. ఆ తర్వాత ఒకరోజు అడగండి: ఏ పందెం ఎక్కువ పడుతోంది? ఓడిపోతున్నవాళ్ళు "నాకు అష్టా పడనే పడదు" అంటారు. అప్పుడు పుస్తకం తీయించండి. వంద పందేలు వేసి, పడ్డదాని కింద గీత పెట్టాలి. నాలుగు గీతలు నిలువుగా, అయిదోది అడ్డంగా. గీతలు పెట్టే పని పాపది, పందెం వేసే పని బాబుది, తర్వాత మారాలి.

పిక్కలు రెండువైపులా సమానంగా పడేవైతే వందలో రెండు పందెం 37సార్ల దరిదాపుల్లో పడుతుంది. ఒకటి, మూడు చెరో పాతిక. అష్టా, చమ్మా చెరో ఆరు. ఎందుకో బాబు కాగితం మీద తేల్చగలడు. నాలుగు పిక్కలకీ తెలుపు, నలుపు రాసుకుంటూ పోతే మొత్తం పదహారు రకాలు వస్తాయి. వాటిలో రెండు తెలుపులున్నవి ఆరు, నాలుగూ తెలుపున్నది ఒకటే. పదో తరగతిలో సంభావ్యత అని పాఠం వస్తుంది, అదంతా ఇదే. పాపకి పదహారు రకాలు అక్కర్లేదు. అయిదేసి గీతలు లెక్కపెట్టి పెద్ద స్తంభం, చిన్న స్తంభం గీస్తే ఆ వయసుకి సరిపోతుంది.

లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీ వదలని కుర్రాడు ఒకడు గవ్వలతో ఈ పని చేసుకొచ్చాడు. వాడికి వచ్చిన అంకెలు పైన చెప్పినట్టు లేవు, మూడు పందెం అన్నిటికంటే ఎక్కువ పడింది. లెక్క తప్పు చేశావని తోటి పిల్లలు అన్నారు. వాడు ఒప్పుకోలేదు. ఒక్కో గవ్వనీ విడిగా వేసి చూశాడు, తర్వాత చింతపిక్కలతో మళ్ళీ వంద వేశాడు, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి "గవ్వకి ఒకవైపు బొడిపె ఉంది సార్, అది సమానంగా పడదు" అని తేల్చాడు. భిన్నం రాయమంటే హారం ఎక్కడో లవం ఎక్కడో తెలియని పిల్లవాడు, ఆ రోజు "పదహారింట ఆరు" అని ధారాళంగా మాట్లాడాడు. మీ బాబుకి లెక్కలంటే భయం ఉంటే మొదట ఈ పనితోనే మొదలుపెట్టండి.

అదే వరసలో పాపకి వామనగుంటలు మంచివి. పద్నాలుగు గుంటల్లో గింజలు పంచుకుంటూ పోతే కూడికలు, తీసివేతలు నోటికొస్తాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ సమానంగా ఆడాలంటే పులి మేక. మూడు పులులకి పదిహేను మేకలు, మేకల వైపు ఆడేవాళ్ళకి ఓపిక, ముందుచూపు రెండూ కావాలి.

మూడోది మాగాయ. పచ్చళ్ళు ఎలాగూ పెడతారు. ఈసారి పిల్లల్ని కాటా దగ్గర కూర్చోబెట్టండి. ముక్కలు తరిగే పని పెద్దవాళ్ళదే. చెక్కు తీసి తరిగిన ముక్కల్లోంచి వంద గ్రాముల చొప్పున మూడు గిన్నెల్లోకి తీయమనండి. ఒకదాంట్లో ఉప్పు వెయ్యకూడదు, రెండోదాంట్లో ఒక చెంచా, మూడోదాంట్లో మూడు చెంచాలు. మూతపెట్టి మర్నాడు పొద్దున ఊట వడగట్టి, ముక్కలు విడిగా, ఊట విడిగా తూచాలి. నీళ్ళు పొయ్యకుండా అంత ఊట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉప్పు పెంచితే ఊట పెరిగిందా? పిల్లలే చెప్పాలి. ముక్క లోపలి నీరు ఉప్పు గాఢంగా ఉన్న వైపుకి బయటికొస్తుంది. ద్రవాభిసరణ అనే మాట బాబుకి పై తరగతుల్లో ఎలాగూ తగులుతుంది, ఇప్పుడు ఆ పేరు చెప్పి బట్టీ పట్టించకండి. ఉప్పు వెయ్యని గిన్నెలోవి ఆ రోజే పప్పులో వేసుకోండి.

మూడో రోజు ముక్కలు పిండి ఎండబెడతారు కదా, అప్పటినుంచి రోజూ సాయంత్రం పళ్ళెంతో సహా తూచి, పళ్ళెం బరువు తీసెయ్యాలి. మొదటి రోజు బరువు బాగా పడిపోతుంది, పోనుపోను తగ్గడం తగ్గుతుంది. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత ఏటవాలుగా దిగి, ఆఖరికి చదును అవుతుంది. మాగాయ ఎండిందని మీ అత్తగారు చేత్తో పట్టుకుని చూసి చెబుతారు. ఆవిడ చెప్పిన రోజూ, కాటా మీద బరువు తగ్గడం ఆగిపోయిన రోజూ ఒకటేనా అని చూడమనండి. ఈ పనిలో టీచరు ఆవిడే. పగలంతా పిల్లల్ని కాయడం ఆవిడకి భారం కాకుండా ఉండాలన్నా ఇలాంటి పనే కావాలి.

ఇంట్లో పాత తవ్వో, మానికో ఉంటే పాపకి బియ్యం ఇచ్చి కొలవమనండి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఒక్కో మెట్టూ రెట్టింపు, కుంచానికి అరవై నాలుగు గిద్దలు. రెట్టింపులు ఎంత తొందరగా పెరుగుతాయో చేతికే తెలుస్తుంది.

మిగతావి వీలున్నప్పుడు చేసుకునేవి. శంఖుపూలు దొరికితే వేడినీళ్ళలో నానబెట్టండి, నీలం రంగు దిగుతుంది. నిమ్మరసం పిండితే ఊదా, గులాబీ రంగులకు మారుతుంది, తినే సోడా వేస్తే ఆకుపచ్చ వైపు మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో అప్పుడు అడగండి. రాత్రి డాబా మీద ఉత్తరాన సప్తర్షులు కనిపిస్తాయి. వాటి తోక వంపుని అలాగే సాగదీసుకుంటూ పోతే నారింజ రంగులో స్వాతి, ఇంకా ముందుకెళితే తెల్లగా చిత్త. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా కనిపించేది అరుంధతి. పెళ్ళిళ్ళలో పగలు చూపించే ఆ నక్షత్రం నిజంగా కనబడితే పాప వదలదు. పున్నమి తర్వాత చంద్రోదయం రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, అదీ పుస్తకంలోకి ఎక్కించొచ్చు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి గానీ బిర్లా ప్లానెటోరియానికి గానీ తీసుకెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. మ్యూజియం శుక్రవారం సెలవు. ఒక్క పూటలో అంతా చూపించాలని పెట్టుకోకండి. గంట గంటకీ గంట కొట్టే బొమ్మ గడియారం ముందు కూర్చుని చూసి, ఇంకో రెండు గదులు తిరిగి, నచ్చిన వస్తువు ఒకటి బొమ్మ గీసుకుని వచ్చెయ్యండి.

ఫోను గురించి అడిగారు. దాచెయ్యడం వల్ల రోజంతా దాని మీదే గొడవ నడుస్తుంది. దాన్ని పనిముట్టుగా ఇవ్వండి: నీడ ఫోటో, టైమర్, తిరుపతికి వీడియో కాల్. ఆ పని అయ్యాక తిరిగి నాయనమ్మ చేతికి రావాలి. రాత్రి భోజనాలయ్యాక పావుగంట మీరో మీవారో పిల్లలతో కూర్చుని ఆ రోజు రాసింది చదివించుకోండి. అక్షర దోషాలు దిద్దకండి, చేతిరాత మీద మాట అనకండి, అంకె తప్పనిపిస్తే "మళ్ళీ కొలిస్తే ఎంతొస్తుంది?" అని మాత్రం అడగండి. మీరు చేయాల్సిన పని నిజానికి ఇంతే, కానీ ఇది ఒక్క రోజు కూడా మానకూడదు. స్కూలు వాళ్ళు ఇచ్చిన హోంవర్క్ పొద్దున్నే అరగంట చొప్పున కానిచ్చెయ్యమనండి, సెలవుల ఆఖరి వారానికి మిగిల్చి ఏడిపించుకోవద్దు.

అమ్మా, ఒకదానికి మాత్రం డబ్బు పెట్టమంటాను. ఈత. ఇంట్లో నేర్పలేనిది, ప్రాణం కాపాడేది అదొక్కటే. లైఫ్‌గార్డు ఉన్న స్విమ్మింగ్ పూల్లో కోచ్ దగ్గర ఇద్దర్నీ చేర్పించండి, ఉదయం బ్యాచ్ అయితే ఎండ బాధ ఉండదు. పిల్లల్ని ఊరికి పంపినప్పుడు చెరువు, కాలువ, క్వారీ గుంటల వైపు పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదని అక్కడి వాళ్ళకి కూడా గట్టిగా చెప్పి పంపండి. ఏటా ఈ నెలల్లోనే పిల్లలు నీళ్ళలో మునిగిపోయిన వార్తలు వింటాం. పూల్లో ఈత వచ్చినంత మాత్రాన క్వారీ గుంటలో దిగొచ్చని కాదు. అక్కడ ఒక్క అడుగు తేడాలో లోతు మారిపోతుంది.

నీడ కొలతలు మొదలుపెట్టాక అంకెలు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. మీ బిల్డింగ్‌లో డాబా తాళం ఇవ్వకపోతే మధ్యాహ్నం ఎండ పడే బాల్కనీ అయినా, కింద పార్కింగ్ పక్కన ఖాళీ జాగా అయినా సరిపోతుంది.